అవుట్‌డోర్ ఫెస్టివల్‌లో ఎక్కడ నిలబడితే పాట బాగా వినిపిస్తుంది?

#1 చివరివరుస

ఇన్నాళ్లూ నేను విన్న లైవ్ కచేరీలన్నీ నాలుగు గోడల మధ్యే. ఈమధ్యే మొదటిసారి వారాంతమంతా సాగే అవుట్‌డోర్ ఫెస్టివల్ ఒకటి చూశాను. ఒక పెద్ద స్టేజి, కొన్ని చిన్న స్టేజిలు, పక్కన ఒక టెంటు. తిరిగొచ్చాక నాకొక అభిప్రాయం కుదిరింది. మీలో ఎంతమంది ఒప్పుకుంటారో చూద్దామని రాస్తున్నాను.

టికెట్ మీద ఒక బ్యాండ్ పేరే ఉంటుంది గానీ, మనం నిలబడిన చోటుని బట్టి మైదానంలో ఒక్కొక్కరు ఒక్కో కచేరీ వింటారు. ఇది తేల్చుకోవాలనే ఒక రాక్ బ్యాండ్ వాయిస్తున్నంతసేపూ ముందు నుంచి వెనక్కి మెల్లగా నడుస్తూ విన్నాను. స్టేజి ముందు జనాన్ని ఆపే బ్యారికేడ్ దగ్గర డ్రమ్స్ ఛాతీలో మోగుతున్నాయి. నేను ఎడమ పక్కన ఉన్నాను కాబట్టి ఆ వైపు గిటారే అంతటినీ మింగేసింది. గాయని ఏం పాడుతోందో ఒక్క మాట అర్థం కాలేదు. సౌండ్ ఇంజనీర్లు తమ డెస్క్‌తో కూర్చునే డేరా ముందుకు వచ్చేసరికి మాట మాటా విడిగా వినిపించింది. బేస్ గిటార్ ఆయన ఎంత చక్కగా వాయిస్తున్నాడో అక్కడే తెలిసింది. ఇంకా వెనక్కి వెళ్తే గాలి వీచినప్పుడల్లా సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్లాలు) మోత వస్తూ పోతూ ఉంది. మరీ చివర్లో తెర మీద గాయని పెదవులు ముందు కదులుతున్నాయి, పాట తర్వాత వస్తోంది. ఒక మూలకి వెళ్లి చూస్తే బేస్, అంటే ఆ లోతైన కింది మోత, దాదాపు లేదు. పది అడుగులు పక్కకు జరిగితే మళ్లీ ఉంది!

కాబట్టి నా తీర్మానం: వినడానికి వచ్చినవాడి చోటు సౌండ్ డెస్క్ ముందు. బ్యారికేడ్ దగ్గర ఉండేవాళ్లు చూడటానికి వచ్చినవాళ్లు. తిట్టాలనుకున్నవాళ్లు తిట్టొచ్చు.


#2 రెయిలింగ్‌రాణి

తిట్టడానికే వచ్చాను గురూ, ఆగండి.

నేను ఎప్పుడూ ముందు వరుసే. గేట్లు తెరవక ముందే లైన్లో ఉంటాను. సౌండ్ అక్కడ బాగుండదని నాకూ తెలుసు. మాటలు స్పష్టంగా కావాలంటే ఇంట్లో ఆల్బమ్ ఉంది, హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. లైవ్‌కి వెళ్లేది వాళ్లు ఆ పాటని అక్కడికక్కడ ఎలా తయారు చేస్తున్నారో చూడటానికి. డ్రమ్మర్ తల ఊపితే బేస్ ఆయన ఇంకో రౌండ్ తిప్పుతాడు. గాయకుడు వెనక్కి చెయ్యి పెట్టి రెండు వేళ్లు చూపిస్తే పల్లవి ఇంకో రెండుసార్లు వస్తుంది. ఒకసారి గిటార్ తీగ తెగితే, కొత్త గిటార్ చేతికొచ్చేదాకా కీబోర్డ్ అమ్మాయి నవ్వుతూ సోలో లాగించింది. పక్కవాళ్లు కంగారుపడ్డ సంగతి డెస్క్ దగ్గర ఉన్నవాళ్లకి తెలిసి కూడా ఉండదు. "ఈరోజు సోలో కొత్తగా వాయించారే" అనుకుని ఉంటారు.

మీరు విన్నది ఇంజనీర్ అన్నీ కలిపి పంపిన మిక్స్. నేను చూసింది బ్యాండ్‌ని. వినడం అంటే చెవులతోనే అని ఎవరన్నారు?


#3 మిక్సర్‌మామ

ఇద్దరూ కొట్టుకోకండి. నేను ఇన్నేళ్లుగా ఆ డేరాలో కూర్చునే పనే చేస్తున్నాను కాబట్టి రెండు ముక్కలు.

చివరివరుస గారు విన్నదాంట్లో వింతేమీ లేదు. స్టేజికి రెండు పక్కలా పైనుంచి వేలాడే స్పీకర్ల వరుసలు ముందు నిలబడ్డవాళ్ల తలల మీదుగా వెళ్లి, వెనక ఉన్నవాళ్లకి అందేలా వంచి కట్టి ఉంటాయి. ముందువాళ్లకి గొంతు వినిపించాలని స్టేజి అంచున చిన్న స్పీకర్లు పెడతాం. వాటిని ఫ్రంట్ ఫిల్ అంటాం. కానీ అదే చోట డ్రమ్స్, గిటార్ ఆంప్లిఫయర్లు నేరుగా కూడా వినిపిస్తాయి కదా, అవి ఈ చిన్న స్పీకర్లని మింగేస్తాయి. పైగా బేస్ కోసం పెట్టే సబ్‌వూఫర్లు నేల మీద, సరిగ్గా రాణి గారి కాళ్ల ముందు ఉంటాయి. ఛాతీలో మోగేది అదే.

ఇక మూల మీద బేస్ మాయమవడం. ఎడమ సబ్‌వూఫర్ల (సబ్స్) నుంచి, కుడి సబ్స్ నుంచి ఒకే శబ్దం బయల్దేరుతుంది. మైదానం నడిమి గీత మీద రెండూ ఒకేసారి చేరతాయి, కలిసి బలపడతాయి. పక్కకు జరిగితే ఒకటి ముందు, ఒకటి ఆలస్యం. కొన్ని చోట్ల ఒకటి పైకి లేచేటప్పుడు ఇంకోటి కిందికి దిగుతూ ఉంటుంది, రెండూ కొట్టుకుపోతాయి. అందుకే పది అడుగుల్లో అంత తేడా. ఇప్పుడు చాలాచోట్ల సబ్స్‌ని రెండు కుప్పలుగా కాకుండా స్టేజి పొడవునా పరిచి ఈ బాధ తగ్గిస్తున్నారు. పూర్తిగా పోదు.

ఇంజనీరు తన చెవికి వినిపించిన దాన్నిబట్టే మిక్స్ చేస్తాడు. ఆయన నిలబడ్డ చోట బాగుండటం సహజం. అంతమాత్రాన ముందు వరుసని తక్కువ చెయ్యకండి. వాళ్లు అరవకపోతే స్టేజి మీద వాళ్లకి ఊపే రాదు.


#4 తంబూర

ఇన్ని బాధలున్నప్పుడు బయట వినడం దేనికి? మంచి హాల్లో కూర్చుంటే గోడలు కూడా పాటకి సాయం చేస్తాయి. మైదానంలో గాలికి పాడి ఏం లాభం. నేను ఒకసారి వెళ్లాను, మళ్లీ వెళ్లను.


#5 చివరివరుస

రాణి గారూ, ఆ తీగ తెగిన సంగతి చదివాక నాకు మాట పడిపోయింది. అయినా తీర్మానం మార్చుకోను :)

తంబూర గారూ, హాల్లో గోడలు సాయమే కాదు, ద్రోహం కూడా చేస్తాయి. క్రీడల కోసం కట్టిన ఇండోర్ స్టేడియంలో డ్రమ్స్ విన్నారా? కొట్టిన దెబ్బ వెనక గోడకి తగిలి తిరిగొచ్చేలోపు ఇంకో దెబ్బ పడుతుంది. అంతా గుజ్జు. బయట ఆ గొడవ లేదు.

మామగారూ, తెర మీద పెదవులు, పాట కలవకపోవడం సంగతి చెప్పలేదు. వెనకాల ఇంకో స్పీకర్ల స్తంభాలు కూడా ఉన్నాయి కదా, అయినా కలవలేదేం?


#6 మిక్సర్‌మామ

అది పొరపాటు కాదు, కావాలని చేసిందే.

శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. స్టేజి నుంచి వంద మీటర్ల దూరంలో ఉన్నారంటే పాట మీ దగ్గరికి వచ్చేసరికి సెకనులో దాదాపు మూడో వంతు గడిచిపోతుంది. తెర మీద బొమ్మ మాత్రం దాదాపు అప్పటికప్పుడే వస్తుంది. మీరు చూసిన ఆ స్తంభాలని డిలే టవర్లు అంటాం. వాటిలో శబ్దాన్ని వెంటనే వదిలితే మీకు పాట రెండుసార్లు వినిపిస్తుంది: ఒకసారి టవర్ నుంచి, ఆలస్యంగా స్టేజి నుంచి. అందుకని టవర్‌లో శబ్దాన్ని అంత సేపు ఆపి, ఇంకో కొన్ని మిల్లీ సెకన్లు అదనంగా ఆపి వదులుతాం. ముందు చేరిన శబ్దం ఎటునుంచి వచ్చిందో అటే మూలం ఉందని చెవి నమ్ముతుంది. కాబట్టి మీ పక్కనున్న టవర్ మోగుతున్నా, పాట స్టేజి నుంచి వస్తున్నట్టే అనిపిస్తుంది. దీనికి చెల్లించే మూల్యమే ఆ పెదవుల తేడా.

గాలి విషయం మా చేతుల్లో లేదు. నేల దగ్గర గాలి నెమ్మదిగా, పైన వేగంగా వీస్తుంది. ఆ తేడాకి శబ్దం వంగుతుంది. గాలివాలులో ఉంటే శబ్దం కిందికి వంగి మీ మీదికి వస్తుంది, ఎదురుగాలిలో పైకి వంగి మీ తల మీదుగా పోతుంది. ఎండ వేళ నేల వేడికి కూడా శబ్దం పైకి లేచిపోతుంది. రాత్రి నేల చల్లబడ్డాక తిరగబడుతుంది, శబ్దం నేల వెంబడే చాలా దూరం పోతుంది. పొరుగు ఊళ్ల నుంచి ఫిర్యాదులు రాత్రిపూట ఎక్కువ రావడానికి అందరూ నిద్రపోయే వేళ అనే కారణం ఒక్కటే కాదు.

ఆ ఫిర్యాదుల భయం ఎంతటిదంటే, 2012 జులైలో లండన్ హైడ్ పార్కులో రాక్ దిగ్గజాలు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, పాల్ మెకార్ట్నీ కలిసి పాడుతుండగా సమయం దాటిందని మైకులు ఆపేశారు. వాళ్లంతటివాళ్లకే తప్పలేదు.


#7 చెవులు_జాగ్రత్త

ఎక్కడ నిలబడాలి అని ఇంత చర్చ జరుగుతుంటే ఒక్కరూ చెవుల మాట ఎత్తలేదు.

ఉద్యోగ స్థలాల కోసం అమెరికా సంస్థ నియోష్ పెట్టిన లెక్క ఒకటుంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగం అవుతుంది. అలా లెక్కేసుకుంటూ వెళ్తే 100 డెసిబెల్స్‌కి మిగిలేది 15 నిమిషాలు. రాక్ కచేరీలో 100 అంటే మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకి ఒక ప్రమాణం ఇచ్చింది. సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని, ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచాలని, చెవులకి విశ్రాంతినిచ్చే నిశ్శబ్ద చోటు ఒకటి ఉండాలని అందులో ఉంది.

కచేరీ అయ్యాక చెవుల్లో గుయ్ మంటుందా, మాటలు దూది పెట్టినట్టు వినిపిస్తాయా? చాలాసార్లు ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గింది కదా అని మళ్లీ మళ్లీ అదే చేస్తే ఒకనాడు తగ్గడం మానేస్తుంది. లోపలి చెవిలో పాడైన కణాలు మనుషుల్లో తిరిగి పెరగవు.

రాణి గారూ, ముఖ్యంగా మీకే.


#8 రెయిలింగ్‌రాణి

ప్లగ్స్ పెట్టుకుంటే ఇంక లైవ్ దేనికండీ? అంతా బండకింద వినిపించినట్టు ఉంటుంది.


#9 చెవులు_జాగ్రత్త

మీరంటున్నది మెత్తటి ఫోమ్ ప్లగ్స్. అవి పైస్థాయి (సన్నటి, కీచు) శబ్దాలని ఎక్కువ కోస్తాయి, బేస్‌ని తక్కువ కోస్తాయి. అందుకే ఆ మూగతనం. సంగీతం కోసమే చేసే ఫిల్టర్ ప్లగ్స్ వేరు. అవి అన్ని స్థాయిల్నీ ఇంచుమించు ఒకే మేర తగ్గిస్తాయి. పాట అదే, వాల్యూమ్ మాత్రం తక్కువ. ముందు వరుసలో అయితే మాటలు ఇంకా బాగా తెలుస్తాయి కూడా, ఎందుకంటే మితిమీరిన శబ్దంలో చెవి విడదీసి వినలేదు. ఒక్క పాటకి పెట్టుకుని చూడండి. మధ్యలో తీసి తేడా చూద్దామని మాత్రం అనుకోవద్దు, తీసిన ఆ క్షణంలో మామూలు శబ్దం కూడా గొప్పగా అనిపించి మోసం చేస్తుంది.

పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు చెవుల మీద పెట్టే మఫ్స్ వాడండి. చిన్న చెవుల్లో ప్లగ్స్ నిలవవు.


#10 నీలాంబరి

నేను పొట్టి. నాకు ముందు వరుస, డెస్క్ ముందు, రెండూ ఒకటే: ఎదుటివాళ్ల వీపు.

పైగా మీ చర్చలో రాని మాట ఒకటుంది. ఒకసారి పెద్ద బ్యాండ్ స్టేజి ఎక్కేముందు వెనకనుంచి జనం తోసుకొచ్చారు. నా కాళ్లు నేల మీద ఉన్నాయి గానీ ఎటు వెళ్లాలో నా చేతిలో లేదు. చేతులు కిందే ఇరుక్కుపోయాయి. పక్కనున్న ఒకాయన గట్టిగా అరిచి నాకు దారి చేయించి పక్కకు లాగాడు. అప్పటినుంచి నేను ఎప్పుడూ అంచునే ఉంటాను, వాలుగా ఉన్న నేల ఎక్కడుందో చూసుకుంటాను. బేస్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు.


#11 మిక్సర్‌మామ

నీలాంబరి గారు చేసిందే సరైన పని. దీని గురించి కాస్త వివరంగా రాయాలి.

2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డె ఫెస్టివల్‌లో, రాక్ బ్యాండ్ పెర్ల్ జామ్ వాయిస్తుండగా స్టేజి ముందు తోపులాటలో తొమ్మిదిమంది చనిపోయారు. ఇలాంటి చోట్ల ప్రాణం తీసేది చాలావరకు తొక్కిసలాట కాదు, ఒత్తిడి. నిలబడే ఊపిరాడక పోతారు. చదరపు మీటరుకి నలుగురైదుగురు దాటితే జాగ్రత్త పడాలి. ఆరేడుగురికి చేరితే జనం విడివిడి మనుషుల్లా కదలరు. ఒక చివర తోస్తే ఆ కెరటం ఇంకో చివరదాకా పోతుంది, మధ్యలో ఎవరూ ఆపలేరు.

గుర్తు ఏమిటంటే, చుట్టూ ఉన్నవాళ్లు అన్ని వైపులా ఒకేసారి తగులుతుంటే, మీరు చెయ్యి ఎత్తి ముఖం తుడుచుకోలేకపోతే, అది వెళ్లిపోవాల్సిన సమయం. పాట అయ్యాక చూద్దాం అనుకోకూడదు. చేతులు ఛాతీ ముందు మడిచి పెట్టుకోండి, ఊపిరికి చోటుంటుంది. కెరటానికి ఎదురు నిలబడొద్దు. అది తగ్గిన క్షణంలో ఏటవాలుగా పక్కకు జరగండి. కింద ఏం పడినా వంగి తీయొద్దు, ఫోనైనా సరే. ముందు వరుసలో ఉంటే బ్యారికేడ్ అవతల ఉండే సెక్యూరిటీ వాళ్లకి చెయ్యి చూపించండి, ఎత్తి అవతలికి లాగేస్తారు. అందుకే వాళ్లు స్టేజిని కాకుండా జనాన్ని చూస్తూ నిలబడతారు.

ఇప్పుడు చాలా పెద్ద ఫెస్టివల్స్‌లో జనాన్ని భాగాలుగా విడదీసే అడ్డు బ్యారికేడ్లు ఇంకో వరుస పెడుతున్నారు. "ముందుకు వెళ్లనివ్వడం లేదు" అని వాటిని తిట్టుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి తిట్టకండి.


#12 గడ్డిమీద_పడక

మీరంతా పెద్ద స్టేజి దగ్గరే ఆగిపోయారు. ఫెస్టివల్ అసలు రుచి మధ్యాహ్నం చిన్న స్టేజిల దగ్గర ఉంటుంది. పేరు కూడా వినని బ్యాండ్, ఎదురుగా వందమంది లోపు జనం, సౌండ్ ఎక్కడ నిలబడ్డా ఒకటే. నచ్చకపోతే లేచి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. నేను ఇప్పుడు రోజూ వినే పాటల్లో సగం అలా అనుకోకుండా దొరికినవే. హెడ్‌లైనర్‌ని, అంటే పోస్టర్ మీద పెద్ద పేరున్న బ్యాండ్‌ని, ఇంకెక్కడైనా వినొచ్చు.

టైమ్‌టేబుల్ పట్టుకుని ఒక స్టేజి నుంచి ఇంకో స్టేజికి పరుగెత్తేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఇరవై నిమిషాలు ఇక్కడ, ఇరవై నిమిషాలు అక్కడ. రెండు చోట్లా మంచి పాట వచ్చేసరికి వీళ్లు దారిలో ఉంటారు. పైగా ఆ టైమ్‌టేబుల్ ఎవరు పాటిస్తారు? 1969లో అమెరికాలో వుడ్‌స్టాక్ ఫెస్టివల్‌లో గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ ఆదివారం రాత్రి ముగింపు వాయించాల్సింది. వానతో, ఆలస్యాలతో జరిగి జరిగి సోమవారం పొద్దున స్టేజి ఎక్కాడు. అప్పటికి లక్షల్లో ఉన్న జనంలో చాలామంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు మాత్రం ఎక్కడ కావాలంటే అక్కడ నిలబడి విని ఉంటారు, చూడండి.


#13 తంబూర

అసలు ఇప్పుడు లైవ్‌లో లైవ్ ఎంత? సగం బ్యాండ్లు ముందే రికార్డు చేసిన ట్రాకులు వేసుకుని పైన పాడుతున్నాయి. స్టేజి మీద నలుగురు, వినిపించేది పదిమంది. దాని కోసం చెవులకి బిరడాలు, ఛాతీకి చేతులు. వీళ్లని సంగీతకారులు అనాలా?


#14 రెయిలింగ్‌రాణి

ముందు వరుసకి రండి, ఎవరు వాయిస్తున్నారో ఎవరు నటిస్తున్నారో మీకే కనిపిస్తుంది. అందుకే చెప్పాను. బిరడాలంటే గుర్తొచ్చింది, ఫిల్టర్ ప్లగ్స్ ఆర్డర్ పెట్టాను. బాగా లేకపోతే మాత్రం చెవులు_జాగ్రత్త గారి చెవులే మెలేస్తాను.


#15 మోడరేటర్

ట్రాకుల గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే ఎనిమిది పేజీలు అయింది. ఇక్కడ వద్దు. తంబూర గారూ, "సంగీతకారులు అనాలా" తరహా మాటలు తగ్గించండి.


#16 మిక్సర్‌మామ

మోడరేటర్ గారు మన్నించాలి, ట్రాకుల గురించి కాదు, "అప్పట్లో అంతా నిజమైన లైవ్" అనుకునేవాళ్లకి ఒక్క సంగతి. 1965లో న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ వాయించినప్పుడు 55 వేలకి పైగా జనం. గొంతులు స్టేడియం లౌడ్‌స్పీకర్ల లోంచే పోయాయి. తమ శబ్దం తాము వినడానికి స్టేజి మీద మానిటర్లు లేవు. అరుపుల్లో వాళ్లకే తాము వాయించేది సరిగ్గా వినబడలేదు. మరుసటి ఏడాదే టూర్లు మానేశారు. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్ స్పీకర్లన్నిటినీ తమ వెనక గోడలా పేర్చుకుంది, జనం వినేదే తామూ వినాలని. మోయడానికి లారీలు, మనుషులు, ఖర్చు తట్టుకోలేక ఆ ఏడాది దాటలేదు. ఇవాళ మైదానం చివర నిలబడి "సింబల్స్ సరిగ్గా లేవు" అని మనం గొణుగుతున్నామంటే, అక్కడిదాకా సింబల్స్ చేరుతున్నాయనే కదా.


#17 చివరివరుస

గొణిగింది నేనే, ఒప్పుకున్నాను.

ఇంకో సంగతి అడగాలి. చివరి సాయంత్రం ఒక బ్యాండ్ సగంలో ఉండగా ఉరుములు మొదలయ్యాయి. వాన ఇంకా పడలేదు. అయినా కచేరీ ఆపేసి అందర్నీ స్టేజి దగ్గర నుంచి దూరంగా పంపేశారు. పక్కన వేలాడే తెరల్ని, ఆపైన స్పీకర్ల వరుసల్ని కిందికి దించేశారు. జనం ఈలలు, కేకలు. చాలాసేపటికి మళ్లీ మొదలుపెట్టారు గానీ రెండు పాటలతో సరిపెట్టారు. నా పక్కనున్నాయన "చినుకు పడకుండానే భయపడ్డారు" అని ఆ రాత్రంతా సణుగుతూనే ఉన్నాడు. అంత అవసరమా మామగారూ?


#18 మిక్సర్‌మామ

అవసరమే. వాన కన్నా గాలి ప్రమాదం. స్టేజి పైకప్పు, వెనక గుడ్డ, తెరలు అన్నీ గాలిని పట్టుకుంటాయి. అందుకే ముందు వాటిని దించుతారు. 2011లో అమెరికాలో ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో కచేరీ మొదలవబోతుండగా ఈదురుగాలికి స్టేజి కప్పు కూలి ఏడుగురు పోయారు. ఇక ఉరుము వినిపించిందంటే పిడుగు పడేంత దగ్గర్లో మీరున్నట్టే. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలనేది వాతావరణ శాఖల వాళ్లు చెప్పే మాట. మధ్యలో ఇంకో ఉరుము వస్తే లెక్క మళ్లీ మొదటికి. మీ కచేరీ ఆలస్యం అందుకే. ఇలాంటప్పుడు ఒంటరి చెట్టు కిందికి, స్పీకర్ టవర్ల పక్కకి పోవద్దు. కారు ఉంటే అందులో కూర్చోండి.

ఇంకొకటి, అంత జనంలో ఫోన్ డేటా చచ్చిపోతుంది. మామూలు మెసేజి అయితే ఎప్పటికో ఒకప్పటికి వెళ్తుంది. కలవాల్సిన చోటు ముందే అనుకోండి. "స్టేజి దగ్గర" అని కాదు, ఏ స్తంభం దగ్గరో కచ్చితంగా.


#19 నీలాంబరి

వచ్చే సీజన్‌కి మడత కుర్చీ కొనుక్కుంటున్నాను. డెస్క్ ముందు వేసుకుంటే చూడటానికీ వినడానికీ బాగుంటుందా?


#20 మిక్సర్‌మామ

చాలా ఫెస్టివల్స్‌లో పెద్ద స్టేజి ముందు కుర్చీలు వేయనివ్వరు, జనం పరుగెత్తితే కాళ్లకి అడ్డం పడతాయని. రూల్స్ ముందే చదువుకోండి. డెస్క్ వెనక, కాస్త పక్కగా వేసుకోండి. డేరాకి మరీ ఆనుకుని వద్దు, అది అడ్డమై పైస్థాయి శబ్దం తగ్గుతుంది. ముందు మాత్రం వద్దమ్మా. అక్కడ చివరివరుస గారు నిలబడి ఉంటారు, మీకు ఆయన వీపు తప్ప ఏమీ కనబడదు.